ప్రశ్నకు ఒక చేట చింతపండు

లాంతరు పట్టుకుని తిరిగే ఆ జపాన్ కుర్రాడూ, మంచుకొండ మీది రాక్షసుడూ కొట్టుకుంటే ఎవరు గెలుస్తారని హైదరాబాదు నుంచి ఒక పెద్దమనిషి నన్ను అడిగాడు. పెద్దమనిషే. ఫోటోలో గడ్డం ఉంది, ఏదో కంపెనీలో ఉద్యోగమట, పెళ్ళి కూడా అయిందట. వాళ్ళిద్దరూ ఎప్పుడైనా కొట్టుకున్నారా అని తిరిగి అడిగించాను. లేదట. పోనీ ఎప్పుడైనా ఎదురుపడ్డారా అంటే అదీ లేదట. కుర్రాడు పుట్టకముందే రాక్షసుడు చచ్చిపోయాడట. "అయితే నీకెందుకు బాబూ, పోయి అన్నం తిను" అని రాయించాను. ఆ ఒక్క ముక్కకి ఎక్కడెక్కడివాళ్ళో బొటనవేళ్ళు ఎత్తి చూపించారు. మా కొండమీద బొటనవేలు చూపించడమంటే నీకేమీ లేదు పొమ్మనడం. వీళ్ళు మెచ్చుకుంటున్నారని మా మనవరాలు చెప్పేదాకా నాకు చాలా కోపం వచ్చింది. తెలిశాక కూడా కొంచెం ఉంది.

మనవరాలి పేరు శిరీష. నా కూతురి కూతురు. అరకు రోడ్డు మీద కాఫీ కొట్టులో పని చేస్తుంది. మేము మొక్క నాటి, పండు కోసి, తొక్క తీసి, ఎండబెట్టి సంతలో అమ్ముకునే గింజనే అది నురగ వేసి, ఆ నురగ మీద ఆకు బొమ్మ గీసి, దిగువ నుంచి కార్లలో వచ్చినవాళ్ళకి ఇస్తుంది. వాళ్ళు ఆ ఆకుని ఫోటో తీసుకుంటారు, పక్కన కొండని ఫోటో తీసుకుంటారు, కొండకి అడ్డంగా నిలబడి తమని తాము తీసుకుంటారు, ఈలోగా కాఫీ చల్లారిపోతుంది. అది చూసి శిరీషకి నవ్వు రాదు. దానికి నవ్వూ ఏడుపూ అన్నీ ఆ లాంతరు కుర్రాడి దగ్గరే ఉన్నాయి. ఆ బొమ్మల కథ ఇది పుట్టకముందు మొదలైందట. వారం వారం పుస్తకంలో వస్తుందట, తర్వాత ఆ బొమ్మలే కదులుతూ ఫోనులో వస్తాయట. కుర్రాడికి చింతచిగురు రంగు జుట్టు, చేతిలో ఆరిపోయిన లాంతరు. దాన్ని వెలిగించే నిప్పు ఏదో లంకలో ఉందని దీవి దీవికీ తిరుగుతాడు, ప్రతి దీవిలోనూ ఎవరో ఒకరు కొడతారు, వీడు తిరిగి కొడతాడు. ఇన్నేళ్ళలో వాడి వయసు మాత్రం పెరగలేదు. దాని పిచ్చివాళ్ళు తెలుగులో కూడా బోలెడుమంది ఉన్నారు, వాళ్ళందరికీ ఫోనులో ఒక అరుగు లాంటిది శిరీషా, దాని స్నేహితురాళ్ళూ నడుపుతున్నారు. అక్కడ ఎవరు ఏమి అడిగినా వీళ్ళు జవాబు చెప్పాలి. మా ఇంట్లో సిగ్నల్ దొరకదు కాబట్టి కాఫీ తోట వెనక బండ ఎక్కి కూర్చుని చెబుతుంది. ఒక రోజు అడిగినవాళ్ళకి జవాబు చెప్పలేక ఫోను నా ఒళ్ళో పడేసింది.

"అమ్మమ్మా, ఈళ్ళకి నానేటి సెప్పనే! అడిగిందే అడుగుతన్నారు."

"నాకేటి తెల్సే గుంటా జపాను గురించి?"

"జపాను గురించి కాదే. తిక్క పెశ్నలకి జవాబులు సెప్పడం నీకొచ్చు కదా. తాతనడుగు, ఎన్నేళ్ళు సెప్పినావో."

అలా మొదలైంది. నేను చెబితే అది రాసేది, కింద 'అమ్మమ్మ' అని పెట్టేది. కొందరు నేను నిజంగా ఉన్నానా అని అనుమానపడ్డారు. ఒకాయన నన్ను మిషను అన్నాడు. మిషనుకి మోకాళ్ళ నొప్పి ఉంటుందా అని, పోయిన నెల నా మోకాలికి వేసిన ఆకు కట్టు ఫోటో తీయించి పెట్టాను.

ఇక్కడ ఒక సంగతి ముందే చెప్పేస్తాను. నా చిన్నప్పుడు నేను అడిగిన ఒక ప్రశ్న వల్ల ఒక పెద్ద కథ మధ్యలో ఆగి చచ్చిపోయింది. ఆ ప్రశ్నకి జవాబు నాకు ఇప్పటికీ తెలీదు. పోయిన నెలలో, కురుపాం వైపు హాస్టల్లో చదువుకునే ఒక గుంట, చిన్న ఆడపిల్ల, అదే ప్రశ్నని లాంతరు కుర్రాడి పేరు పెట్టి నన్ను అడిగింది. ఇదంతా రాయడానికి కూర్చున్నది అందుకే. లేకపోతే నాకు చీపుర్లు కట్టుకునే పని ఉంది.

మా అమ్మ నేను పళ్ళు ఊడే వయసులో ఉండగా రోడ్డు పనికి వెళ్ళింది. నాన్న అప్పటికే జ్వరంతో పోయాడు. సీలేరు వైపు రోడ్డు వేస్తున్నారని, మనుషులు కావాలని సాలూరు నుంచి లారీ వచ్చి ఘాటీ కింద ఆగింది. కొండ దిగి అమ్మని ఎక్కించడానికి పెద్దమ్మా నేనూ వెళ్ళాం. "పండక్కి వచ్చేత్తాను, అక్క మాట ఇను" అంది అమ్మ. లారీ కదిలాక వెనక చెక్క మీద పసుపు రంగులో రాసి ఉన్న ఆరు బొమ్మలు కనిపించాయి. అప్పటికి నాకు అవి అక్షరాలని తెలుసు, ఏ అక్షరాలో తెలీదు. లారీ ఎక్కడికి పోతుందో దాని మీద రాస్తారని మా ఊళ్ళో అందరూ అనుకునేవాళ్ళు, ఎందుకంటే సాలూరు బస్సు మీద అలాగే రాసి ఉండేది. దుమ్ములో లారీ మలుపు తిరిగేదాకా ఆ ఆరింటినీ కళ్ళతో పట్టుకున్నాను. ఒకటి తోక మెలితిప్పిన పిల్లిలా, ఒకటి బోర్లించిన ఆనపబుర్రలా, ఒకదానికి కింద ఇంకొకటి వేలాడుతూ. ఇంటికి వచ్చి బొగ్గుతో గోడ మీద గీశాను. మా అమ్మ ఉన్న ఊరి పేరు నా దగ్గర ఉంది, చదివేవాడు దొరకాలి, అంతే అనుకున్నాను. పండగ వచ్చింది. అమ్మ రాలేదు. మరుసటి పండగా వచ్చింది, ఆ తర్వాతి పండగా వచ్చింది.

పెద్దమ్మ మా అమ్మకి సొంత అక్క. పిల్లలు లేరు. పొడుగ్గా, ఎండిన వెదురులా ఉండేది, మాట కూడా అలాగే. తెల్లారగానే గొడ్లపాక ఊడ్చేది, ఊట దగ్గర నీళ్ళు పట్టేది, చోడి అంబలి, అంటే రాగి అంబలే, కాచి సగం కుండలోనూ సగం ఎండిన ఆనపకాయ బుర్రలోనూ పోసేది, బుర్ర భుజాన వేసుకుని పోడు చేనుకి నడిచేది. ఇంట్లో ఎప్పుడూ మూడు వాసనలుండేవి: పులిసిన అంబలి, పొగపట్టిన అటక మీద దాచిన విత్తనం, పెద్దమ్మ చుట్ట. అది చుట్టని అడ్డంగా కాల్చేది, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని పెదవులు మూసేసేది. నోరు ఎందుకు కాలదని నేను అడిగితే, "మాట్నాడనోళ్ళ నోరు కాల్దు" అనేది. కానీ ఏడాదిలో కొన్నాళ్ళు ఆ చుట్ట నోట్లోంచి బయటికి వచ్చేది. మాఘం పోయి చింతకాయ పండితే పెద్దమ్మ నోరు తెరిచేది.

మా వైపు కథకి కాలం ఉంది. కోతలయ్యాక మొదలుపెట్టాలి, చైత్ర పండగకి ఆపెయ్యాలి. విత్తనం భూమిలో పడ్డాక కథ చెప్పకూడదు. గింజ కథ వింటూ మొలవడం మరిచిపోతుందని పెద్దవాళ్ళ మాట. కాబట్టి పండగనాటికి కథ ఎక్కడ ఉంటే అక్కడే ఆగేది. కథలోని బుర్రోడు కొండ అంచున ఒంటికాలి మీద ఉన్నా సరే, వచ్చే ఏడు చింతకాయ పండేదాకా ఒంటికాలి మీద ఉండాల్సిందే. ఇప్పుడు ఆ జపాన్ ఆయనకి ఒంట్లో బాగాలేక రెండు వారాలు బొమ్మలు గీయకపోతే ఈ అభిమానులు తిట్టే తిట్లు శిరీష చదివి వినిపిస్తుంది. పెద్దమ్మ దగ్గర ఆ మాట అని ఉంటే చేట తిరగేసి కొట్టేది.

కథ చెప్పేది మధ్యాహ్నం, కళ్ళంలో, పనస నీడలో. ఊరికే చెప్పదు. చింతకాయలు కుప్ప పోసి, ఆడవాళ్ళూ పిల్లలూ చుట్టూ కూర్చుని, పెంకు కొట్టి, ఈనెలు లాగి, పిక్క తీస్తుంటే చెప్పేది. పిక్క తీసిన పండుకే సంతలో మర్యాద. కథకి 'ఊఁ' కొట్టే మనిషి ఒక్కరే ఉంటారు. ఆ ఒక్కరూ ఊఁ అంటేనే కథ అడుగు ముందుకి వేస్తుంది. అమ్మ వెళ్ళిన మరుసటి ఏడు పెద్దమ్మ నన్ను ఆ చోట కూర్చోబెట్టింది. ఇక ప్రశ్నలు. ఆ రోజుకి కథ ఆపాక ఎవరైనా అడగవచ్చు, కానీ ప్రశ్నకి ఒక చేట. నిండు చేట చింతకాయ ఒక్కరే ఒలిచి, పిక్క తీసి, పెద్దమ్మ ముందు పెట్టి అప్పుడు అడగాలి. చేట పెట్టినవాళ్ళకి పెద్దమ్మ జవాబు చెప్పి తీరాలి. చెప్పలేకపోతే అందరి ముందూ "నాకు తెల్దు" అని, తనే ఒక చేట ఒలవాలి. చేట చింతకాయ ఒలిస్తే గోళ్ళ సందుల్లో పులుపు దిగి రెండు రోజులు అన్నం ముట్టుకుంటే మంట. అందుకని మా ఊళ్ళో ఎవరు ఎవరిని కొడితే గెలుస్తారని ఎవరూ అడగలేదు. ఏడాదికి నాలుగైదు ప్రశ్నలు వచ్చేవి. గట్టివి.

పెద్దమ్మ కథ బుర్రోడిది. గెడ్డలో కొట్టుకొచ్చిన ఒక పెద్ద ఆనపబుర్రని ఒక ముసలిది ఒడ్డుకి లాగి, మూత తీస్తే లోపల గుంటడు. ఆ ఊళ్ళో తిండి లేదు. బుర్రోడు పెరిగి, ఏడు కొండలు ఎక్కి, కొండకొక విత్తనం అడిగి తేవాలి. మొదటి కొండ దేవత చోడి ఇవ్వడానికే రెండు చింతకాయల కాలాలు పట్టింది, ఎందుకంటే ఆవిడకి మతిమరుపు, ఎక్కడ పెట్టిందో ఆవిడకే గుర్తు లేదు. ఆ వెతుకులాట అంతా పెద్దమ్మ చెప్పేది, కుండ కుండా తెరిచి. మా పక్కింటి చిన్నాలు ఒకసారి ఆగలేక, "ఒదినా, ఆ ముసిల్దాయికి నాను పోయి ఎతికీనా?" అని అడిగింది. అదీ ప్రశ్నేనని పెద్దమ్మ చేట ఆమె వైపు తోసింది. మూడు కొండలయ్యాయి. నాలుగో కొండ కింద బుర్రోడు నిలబడ్డాడు.

ఆ రోజు నేను చేట అందుకున్నాను. ఊఁ కొట్టే మనిషి అడగకూడదని రూలేమీ లేదు, కానీ ఎవరూ అడగలేదు. కుప్పలో పెద్ద కాయలు ఏరుకుని, చేట అంచు దాటేలా పోసుకుని, ఒక్క పిక్క మిగలకుండా ఒలిచాను. పెద్దమ్మ ముందు పెట్టాను.

"బుర్రోడి అమ్మ ఎక్కడికెల్పోనాది? ఎప్పుడొత్తాది?"

అందరూ కిందికి చూస్తున్నారు. చిన్నాలు ఒక్కతే నోరు పట్టలేక, "సెప్పీ ఒదినా. గుంట సేటడు ఒలిసీసింది" అంది.

పెద్దమ్మ నా చేట దగ్గరికి జరుపుకుంది. చేత్తో పండు కెలికింది, పిక్క ఉందేమోనని. లేదు.

"నాకు తెల్దు" అంది.

అని, ఖాళీ చేట లాక్కుని ఒలవడం మొదలుపెట్టింది. ఒక చేట అయింది. రూలు ప్రకారం అక్కడితో సరి. కానీ ఇంకొక చేట పోసుకుంది. ఆడవాళ్ళు ఒక్కొక్కరే లేచి వెళ్ళారు. కళ్ళం మీద ఎండ పోయేదాకా ఒలుస్తూనే ఉంది. నేను ఎదురుగా కూర్చుని చూస్తూనే ఉన్నాను. ఇది దొంగాట అనుకున్నాను. కథ ఆవిడది, బుర్ర ఆవిడది, బుర్రలో గుంటణ్ణి పెట్టింది ఎవరో ఆవిడకి తెలియకపోవడమేమిటి? చెప్పడం ఇష్టం లేక చేట అడ్డం పెట్టుకుందనుకున్నాను.

మర్నాడు పెద్దమ్మ చుట్ట తీసి, "బుర్రోడు నాలుగో కొండ ఎక్కినాడు" అని నా వైపు చూసింది. నేను ఊఁ అనలేదు. మళ్ళీ అంది. అనలేదు. చిన్నాలు కూతురు నా మీద జాలిపడో పెద్దమ్మ మీద జాలిపడో ఊఁ అనబోతే, "నీది కాదు" అని ఆపేసింది. మూడు రోజులు ఆ ఒక్క మాటే చెప్పింది, మూడు రోజులూ నేను నోరు బిగించుకున్నాను. ఆ తర్వాత పండగ వచ్చింది, విత్తనం భూమిలో పడింది. మరుసటి ఏడు చింతకాయ పండినా చుట్ట నోట్లోంచి బయటికి రాలేదు. కొన్నాళ్ళకి నన్ను అవతల కొండ మీద ఇంటికి ఇచ్చి పెళ్ళి చేసింది, ఆ తర్వాత రెండేళ్ళకి పోయింది. బుర్రోడు నాలుగో కొండ మీద ఉండిపోయాడు. మా ఇద్దరి మొండితనానికీ ఒక ఊరి కథ పోయింది. నా పాలు ఎక్కువ.

నా పట్టుదల మాత్రం ఆ గోడ మీద ఉండేది. ఏటా పండగ ముందు ఎర్రమన్నుతో గోడలు అలుకుతాం కదా, అలికిన మర్నాడే ఆ ఆరు బొమ్మలూ మళ్ళీ గీసేదాన్ని. అత్తవారింటికి వెళ్ళాక అక్కడి గోడ మీదా గీశాను. మా అత్త అది చూసి, కోడలు పుట్టింటి నుంచి ఏదో మంత్రం తెచ్చుకుందని భయపడి, దానికి పసుపు పూసింది. ఆ ఏడు సామ బాగా పండింది. దాంతో గురి కుదిరి మరుసటి ఏడు కోడిని కోసింది. నేను వద్దనలేదు. అమ్మ ఉన్న ఊరి పేరుకి కోడిని కోస్తే తప్పేమిటని ఊరుకున్నాను.

నలభై దాటాక మా ఊరి బడి వరండాలో పెద్దవాళ్ళకి చదువు పెట్టారు. నా కూతురి ఈడు పిల్ల చెప్పేది. ఎందుకు నేర్చుకుంటారని మొదటి రోజు అందరినీ అడిగింది. సంతకం కోసమని కొందరు, బస్సు బోర్డు కోసమని కొందరు అన్నారు. నేను లారీ కోసమన్నాను. అందరూ నవ్వారు. అక్షరాలు నాకు తొందరగా రాలేదు, పలక మీద రాస్తే చేతికి పోడు కొడుతున్నట్టుండేది. అయినా ఒక్కొక్కటే చిక్కాయి. పిల్లి తోక చిక్కింది. బుర్ర చిక్కింది. ఆరూ చిక్కిన రోజు ఇంటికి పరుగున వచ్చి గోడ ముందు నిలబడి, వేలు పెట్టి, కూడబలుక్కుని చదివాను.

హారన్ కొట్టుము.

నా జీవితంలో నేను మొట్టమొదట సొంతంగా చదివిన మాట అది. మా అత్త అప్పటికి బతికే ఉంది, ఏమి రాసుందని అడిగింది. మంచి మాటే అన్నాను. ఆవిడ తృప్తిగా దండం పెట్టుకుంది. నేను ఇంటి వెనక్కి వెళ్ళి ముందు నవ్వాను. తర్వాతది రాయను.

అందుకే అరుగు మీదికి వచ్చే ఒక విజయనగరం అబ్బాయిని నేను తిట్టలేకపోయాను. లాంతరు కుర్రాడి అమ్మ ఎవరో ఆ కథలో ఇన్నేళ్ళయినా చూపించలేదు. ఆ అబ్బాయి పాత సంచికలు తవ్వి, ఎక్కడో ఒక రేవులో కుర్రాడి వెనకాల చెక్క మీద జపాన్ అక్షరాలు కనిపెట్టి, అందులోనే తల్లి పేరు దాచారని నాలుగు పేజీలు రాశాడు. దానికి బాణాలు గీశాడు, గుండ్రాలు చుట్టాడు. అభిమానులు రెండు జట్లుగా విడిపోయి తన్నుకున్నారు. చివరికి జపాన్ భాష వచ్చిన ఎవరో అమ్మాయి చదివి చెప్పింది: ఇక్కడ చేపలు ఎండబెట్టరాదు. ఇక ఆ అబ్బాయిని ఆడుకున్న ఆట చెప్పలేను. నేను రాయించాను: "దిగులుపడకు నాయనా. మా ఇంట్లో ఇలాంటిదానికే కోడిని కోశారు."

చేట రూలు ఆ అరుగు మీద పెట్టింది నేనే. ప్రశ్నలు మరీ వరదలా వచ్చేసరికి, అడిగేవాడు ముందు ఒక చేట చింతకాయ ఒలిచి ఫోటో పెట్టాలన్నాను.

శిరీష నెత్తి కొట్టుకుంది. "ఆళ్ళకి సింతకాయ ఎక్కడ దొరుకుద్దే? ఆళ్ళు పొట్లంలో కొంటారు."

"అయితే ఎల్లుల్లి ఒలవమను. సిక్కుడుకాయ తుంచమను. ఇంట్లో ఏటీ నేదేటి ఆళ్ళకి?"

మొదటి రెండు రోజులు వేళాకోళం చేశారు. తర్వాత ఒకడు నిజంగానే పళ్ళెం నిండా వెల్లుల్లి ఒలిచి పెట్టాడు. చూడండి, అప్పటి నుంచి ఫోటోలే ఫోటోలు. బఠాణీలు, రొయ్యలు, మునగాకు. ఒక తల్లి రాసింది, మా వాడు వంటగదిలోకి రావడం ఇదే మొదలు, దయచేసి ఇంకా కష్టమైన రూలు పెట్టండని. హైదరాబాదు గడ్డం పెద్దమనిషి మాత్రం బజార్లో ఒలిచి అమ్మే వెల్లుల్లి కొని ఫోటో తీసి పెట్టాడు. అన్నీ ఒకే తెలుపు, ఒక్కదానికీ గోటి గాటు లేదు. పట్టేశాను. కానీ ప్రశ్నలు బాగా తగ్గిపోయాయి. శిరీష మొహం మాడ్చుకుంది.

"జనం ఎలిపోతన్నారే. సూడు, పేజీ పడిపోతంది."

"ఉన్నోళ్ళు ఉంటారు. ఎంతమంది ఉంటే కథ అవుద్ది? మాకు తొమ్మండుగురం."

వాళ్ళ తప్పు కూడా పూర్తిగా కాదు. ఆ రోజుల్లో మాకు అడగడం కష్టం, వినడం సులువు. వీళ్ళకి అడగడం వేలి కొసలో ఉంది, వినే మనిషి మాత్రం దొరకడు. ఒకడు అడిగిన దానికి జవాబు వచ్చేలోగా వాడు ఇంకో చోట ఇంకేదో అడుగుతుంటాడు. ఒకసారి నగరం నుంచి కథలు సేకరించేవాళ్ళు మా ఇంటికే వచ్చారు. డబ్బా ఒకటి నా ముందు పెట్టి, కొండ కథ చెప్పమన్నారు. బుర్రోడి మూడు కొండలూ చెప్పాను. ఊఁ కొట్టండి అంటే, రికార్డింగులో వాళ్ళ గొంతు పడకూడదట. డబ్బా ఊఁ కొట్టదు. అయ్యాక, దీనివల్ల మనకు తెలిసే నీతి ఏమిటని అడిగారు. చోడి విత్తనం ఎక్కడ పెట్టారో మరిచిపోకూడదని చెప్పాను. రాసుకున్నారు.

ఇక హాస్టల్ గుంట. ఆదివారం నాడు వంటమనిషి ఫోను అడిగి తీసుకుని పంపింది. ఫోటోలో చేట, చేట నిండా చింతపండు, పక్కన పిక్కల కుప్ప, అంచున రెండు చిన్న చేతులు. గోళ్ళు నల్లగా అయిపోయి ఉన్నాయి. కింద రాసింది: "లాంతరు అన్న అమ్మ ఎక్కడ ఉంది? వస్తుందా రాదా? నేను మొత్తం ఒలిచాను. నిజం చెప్పాలి." ఆ పిల్ల తల్లి ఏమయిందో నాకు తెలీదు. అడగలేదు. హాస్టల్లో ఆదివారం నాడు అందరి అమ్మలూ వచ్చే పూట, ఒక గుంట కూర్చుని అంత చేట ఒంటరిగా ఎందుకు ఒలుస్తుందో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆ ప్రశ్న కిందే పెద్దవాళ్ళు జవాబులు రాసేస్తున్నారు. తల్లి సముద్రపు రాణి అని ఒకరు, ఆ లాంతరే తల్లి అని ఒకరు, తల్లి శత్రువుల సేనలో ఉందని ఒకరు, ఆఖరి సంచికలో వస్తుంది రాసిపెట్టుకో అని ఒకరు. కథ గీసే ఆయనే ఇంతవరకు నోరు విప్పలేదు, వీళ్ళకి మాత్రం ఆవిడ చీర రంగు కూడా తెలుసు.

"వత్తాదని రాసీ అమ్మమ్మా" అంది శిరీష. "సిన్న గుంట. నీదేటి పోద్ది?"

"వత్తాదేటి?"

"ఎవుడికి తెల్సు? రాసినోడికే తెల్దేటో."

"అయితే ఎలా రాత్తాను?"

"అబద్దమాడితే ఏటవుద్దే! ఆదివారం కాసేపు నవ్వుద్ది కదా, అది సాల్దా?"

చాలు అనిపించింది. నిజం చెబుతున్నాను, వస్తుందని రాద్దామని ఫోను చేతిలోకి తీసుకున్నాను. ఏడ్చే పిల్ల నోట్లో బెల్లం ముక్క పెట్టడానికి ఎంతసేపు? పెద్దమ్మకి మాత్రం ఎంతసేపు పట్టేది? బుర్రోడి అమ్మని ఏడో కొండ మీద కూర్చోబెట్టి, కొడుకు కోసం అంబలి కాస్తోందని చెప్పి ఉంటే ఆ రోజు నేను ఎగిరి గంతేసేదాన్ని. ఊఁ మీద ఊఁ కొట్టేదాన్ని. కథ బతికేది. ఆవిడకి ఆ సంగతి తెలియదా? కొండ దేవత కుండల్లో ఏముందో ఒక్కొక్కటే చెప్పగలిగిన మనిషికి ఒక తల్లిని కల్పించడం చేతకాదా? చేట మీద చేట ఒలుస్తూ కూర్చుంది గానీ ఆ ఒక్క అబద్ధం ఆడలేదు.

అప్పుడు తట్టింది నాకు, ఇంత ముసలిదాన్ని అయ్యాక. మా అమ్మ ఆవిడకి చెల్లెలు. లారీ ఎక్కించింది ఆవిడే. పండక్కి వస్తానన్న మాట నాతో పాటే విన్నది. ఆ కళ్ళంలో నేను అడిగిన ప్రశ్న ఆవిడ నాకంటే ముందు నుంచీ అడుక్కుంటోంది, చేట ముందు పెట్టడానికి ఆవిడకి ఎవరూ లేరు. ఆవిడకి తెలీదు. దాచలేదు, దొంగాట ఆడలేదు. నిజంగానే తెలీదు. నిజం చెప్పమని చేట నింపి పెడితే నిజమే చెప్పింది. నేను దానికి మూడు రోజులు నోరు మూసుకుని శిక్ష వేశాను.

శిరీష రాస్తానంది, వద్దన్నాను. ఒక్క వేలితో నేనే రాశాను, అక్షరానికొకసారి కళ్ళజోడు తుడుచుకుంటూ. "నాకు తెలీదు తల్లీ. వస్తుందో రాదో తెలిసినవాళ్ళు ఈ అరుగు మీద ఒక్కరూ లేరు, తెలుసన్నవాళ్ళ మాట నమ్మకు. నువ్వు అడిగింది గట్టి ప్రశ్న. మా రూలు ప్రకారం నేను ఒలవాలి." చేట తీసుకుని కళ్ళంలో కూర్చున్నాను. నా గోళ్ళకి ఇప్పుడు అంత బలం లేదు, చాలాసేపు పట్టింది. ఒక చేట అయింది. అక్కడితో సరే, కానీ చేతులు ఆగలేదు. శిరీష ఫోటో తీసి, బండ ఎక్కి పంపి వచ్చి, మొహం ముడుచుకుని లోపలికి పోయింది.

రెండు ఆదివారాలు ఏమీ రాలేదు. పిల్లని ఏడిపించావని అభిమానులు నన్ను తిట్టారు. గడ్డం పెద్దమనిషి నాకు మనసు లేదన్నాడు. మూడో ఆదివారం మధ్యాహ్నం శిరీష బండ దిగి వచ్చింది, ఫోను చూపిస్తూ.

"ఇదేటే? ఒక్క అచ్చరం పంపింది ఆ గుంట. రాత్తుంటే ఎవులైనా ఫోను లాగీసుకున్నారేటి?"

చూశాను. ఊఁ అని ఉంది. అంతే. అరసున్నతో సహా.

ఆ పిల్లకి మా కొండ రూలు ఎవరు చెప్పారో నాకు తెలీదు. వాళ్ళ ఇంట్లోనూ ఒక పెద్దమ్మ ఉందేమో. పండగకి ఇంకా తొమ్మిది రోజులుంది, విత్తనం ఇంకా అటక మీదే ఉంది. శిరీషని కూర్చోమన్నాను.

"రాయి. బుర్రోడు నాలుగో కొండ ఎక్కినాడు."

"బుర్రోడెవుడే? మరి లాంతరోడు?"

"ఆడికి వారం వారం గీసేవోడున్నాడు. ఈడికి ఎవులూ నేరు. రాయి."

రాసింది. నాలుగో కొండ మీద ఏముందో నాకు తెలీదు. పెద్దమ్మకి కూడా తెలుసో లేదోనని ఇప్పుడు అనుమానం. శిరీష వేలు ఫోను మీద ఆపి నా మొహంలోకి చూసింది. నురగ మీద ఆకులు గీసే మనిషి మొహం కాదది.

"అమ్మమ్మా, ఆ కొండ మీద ఏటున్నాదే?"

"ముందు సేట తే" అన్నాను.